పాత కార్డు మీద మన ఊరు

మా గూడెం, వాగు, ఎడ్లబండి కనబడేలా చిన్న గేమ్ తయారు చేస్తున్నా. నాది 2 జీబీ పాత గ్రాఫిక్స్ కార్డు, కొత్తది కొనే స్తోమత లేదు. అందుకే ఒక్కో సెట్టింగ్ మార్చి చూశా. 1080పి నుంచి 720పికి దించితే కార్డు గీయాల్సిన చుక్కలు 20,73,600 నుంచి 9,21,600కి పడిపోతాయి. బొమ్మ కొంచెం మసకైనా ఆట సాఫీగా నడుస్తది. నీడలు, యాంటీ అలియాసింగ్ తగ్గిస్తే ఇంకా తేలిక. టెక్స్చర్లు మాత్రం కార్డు మెమరీలో పట్టినంతవరకు తగ్గించొద్దు. వేగం పెద్దగా పెరగదు, బొమ్మలో కళే పోతది. నేను నీడలు వదిలేశా, అవ్వ మొహం మీది పచ్చబొట్టు వదల్లేదు. మన హాస్టళ్లలో ఉన్నవి కూడా ఇలాంటి కంప్యూటర్లే. ముందు అక్కడ నడవాలె గదా!