రాత్రిపూట దురద: దాచకండి, చెప్పండి



చలికాలంలో మా స్టాఫ్ రూమ్‌లో మాటలన్నీ జలుబు, దగ్గుల చుట్టూ తిరుగుతాయి. ఈసారి మాత్రం దురద గురించి ఎక్కువగా మాట్లాడుకుంటున్నాం. నోట్స్ రాస్తూ రాస్తూ పెన్ను పక్కన పెట్టి వేళ్ల మధ్య గోక్కునే పిల్లలు అక్కడక్కడా కనిపిస్తున్నారు. నేను డాక్టర్‌ని కాదు, ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. కానీ బీఈడీ హాస్టల్‌లో ఇదే దురదతో చాలా రాత్రులు నిద్ర లేకుండా గడిపిన దాన్ని. అందుకే ఈ నాలుగు మాటలు.

మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. ముందు ఒకమ్మాయికి మణికట్టు మీద చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. చెమటకాయలని ఒకరు, కొత్త సబ్బు పడలేదని ఒకరు, మెస్‌లో వంకాయ కూర వల్లేనని ఇంకొకరు అన్నారు. సబ్బు మారింది, వంకాయ మానేశాం, దురద మాత్రం పోలేదు. పగలు కాస్త ఫర్వాలేదు గానీ, లైటు ఆర్పి పడుకోగానే మొదలయ్యేది. నెలన్నర తిరిగేసరికి నలుగురికీ వచ్చింది. చర్మవ్యాధుల డాక్టర్ గారు నా వేళ్ల సందులు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మీ రూమ్‌లో ఇంకెవరికైనా ఉందా?" సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. అది గజ్జి.

ఆ మాట వినగానే మనకు సిగ్గేస్తుంది. గజ్జి అంటే మురికి అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం కదా! నిజానికి దానికి కారణం అర మిల్లీమీటరు కూడా లేని ఒక పురుగు. అది చర్మం పైపొరలో సొరంగం తొలుచుకుంటూ గుడ్లు పెడుతుంది. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్లకూ వస్తుంది, సబ్బుతో పోదు. చేతులు పట్టుకుని ఎక్కువసేపు ఆడుకున్నా, ఒకే పక్కలో పడుకున్నా అంటుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

అనుమానం ఎప్పుడు రావాలి?

దురద రాత్రిపూట పెరుగుతుంటే, వేళ్ల సందులు, మణికట్టు, మోచేతులు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము, పిరుదుల దగ్గర పొక్కులు ఉంటే, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జిని అనుమానించండి. పసిపిల్లల్లో అరచేతులు, అరికాళ్లు, తల మీద కూడా వస్తాయి. గుండ్రంగా, అంచు ఎర్రగా పెరిగే మచ్చ అయితే తామర కావచ్చు. ఒక చోట లేచి గంటల్లో మాయమై మరో చోట లేచేవి ఎలర్జీ దద్దుర్లు. వాటితో పాటు పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దద్దుర్లతో జ్వరం ఉన్నా ఆలస్యం వద్దు.

మందు విషయంలో

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, పురుగు మాత్రం చావదు. పైగా మచ్చల తీరు మారిపోయి డాక్టర్‌కు గుర్తుపట్టడం కష్టమవుతుంది. డాక్టర్లు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ రాస్తారు. పొక్కులున్న చోట మాత్రమే కాకుండా మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా పట్టించి, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎలా వాడాలో డాక్టర్‌నే అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవడం. మొదటిసారి సోకినప్పుడు దురద బయటపడటానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. మా గదిలో ముగ్గురం రాసుకున్న వారం నాలుగో అమ్మాయి ఊరెళ్లింది. ఆమె తిరిగి వచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి వార్డెన్ ఆంటీ నలుగురినీ కూర్చోబెట్టి ఒకే రాత్రి రాయించారు. అప్పుడు పోయింది.

గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేని బొమ్మల్ని కవర్లో మూటగట్టి వారం పక్కన పెట్టండి. మందు పనిచేశాక కూడా దురద 2 నుంచి 4 వారాలు ఉండొచ్చు. కంగారుపడి క్రీమ్ పదే పదే రాయకండి. అంతకు మించి ఉంటే డాక్టర్‌కు మళ్లీ చూపించండి.

ఇప్పుడు ఒక మనవి. కిందటేడు నా క్లాసులో ఒక పాప ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని, లంచ్ బాక్స్ తీసుకుని దూరంగా కూర్చునేది. వాళ్లమ్మ గారితో విడిగా మాట్లాడితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "రోజూ తలంటి స్నానం చేయిస్తాను మేడం, అయినా అందరూ ఏమనుకుంటారో అని..." అన్నారు. మందుతో తగ్గే పొక్కుల కోసం ఆ పాప నెల రోజులు ఒంటరిగా అన్నం తింది. ఆ ఒంటరితనానికి మాత్రం ఏ క్రీమూ లేదు.

కాబట్టి ఈ ఆదివారం స్నానం చేయించేటప్పుడు పిల్లల వేళ్ల సందులు ఒకసారి చూడండి. అనుమానం ఉంటే డాక్టర్‌కు చూపించి, క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేయండి. పేరు బయటికి రాకుండా మిగతా తల్లిదండ్రులను మేము జాగ్రత్తపరుస్తాం. సాధారణంగా మందు రాసిన మర్నాటి నుంచే స్కూల్‌కి పంపవచ్చు. వేరే పిల్లలకు వచ్చిందని తెలిస్తే, "వాళ్లతో కూర్చోకు" అని మాత్రం మీ పిల్లలకు చెప్పకండి. ఈరోజు వాళ్లింట్లో, రేపు మనింట్లో.