మా ఇంటి డిసెంబరు

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో 'మేము' అంటే అక్కాచెల్లెళ్లం ఇద్దరం. పెద్దది పదో తరగతి, చిన్నది ఎనిమిది. రాసింది చిన్నది, దిద్దింది పెద్దది. పెద్దది కొట్టేసిన వాక్యాలు కొన్ని చిన్నది మళ్లీ రాసింది. కాబట్టి తప్పులుంటే ఇద్దరినీ కలిపి క్షమించండి.

మన హాస్టల్లో డిసెంబరు ఎలా మొదలవుతుందో మీకు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున తొట్టి దగ్గర చన్నీళ్లు చూసి అందరం "నువ్వు ముందు, నువ్వు ముందు" అనుకునే నెల అది. 6వ తేదీన డాక్టర్ అంబేద్కర్ వర్ధంతి. ఆ రోజు ఉపన్యాసం చెప్పడానికి మాలో పెద్దది పేరిచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న బాబాసాహెబ్, రెండు నెలలైనా నిండకుండానే డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారని చెప్పింది. అదే నాగపూర్‌లో 1942 జూలైలో జరిగిన మహిళల మహాసభలో పిల్లల్ని చదివించమనీ, పెళ్లిళ్లకు తొందరపడవద్దనీ ఆయన తల్లులకు చెప్పారని కూడా లైబ్రరీ పుస్తకంలో చూసి రాసుకుంది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ మాటలు మూడు వారాలు తిరక్కుండానే మా ఇంట్లో అవసరపడతాయని మాకేం తెలుసు?

ఆ తర్వాత పరీక్షలు. పరీక్షల మధ్యలోనే నక్షత్రం. వెదురు బద్దలు చీల్చి ఇచ్చింది వాచ్‌మన్ తాత. రంగు కాగితాలకు తలా రెండు రూపాయలు వేసుకున్నాం. మైదా జిగురు వంటగదిలో కాచి ఇచ్చారు. అంటించిన వాళ్లలో సగం మంది చర్చికి వెళ్లని వాళ్లే. నక్షత్రం ఒక మూల వంకర పోయింది. అయినా బల్బు పెట్టాక వంకర కనపడలేదు.

మాది జిల్లా పరిషత్ హైస్కూలు. మిషన్ బడుల పిల్లలకు ఉన్నన్ని క్రిస్మస్ సెలవులు మాకుండవు. అందుకని 23వ తేదీ సాయంత్రం నాన్న వచ్చి, వార్డెన్ మేడం దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి మమ్మల్ని తీసుకెళ్లారు. నాన్న హైదరాబాదులో బేల్దారి పని చేస్తారు. ఏడాదిలో మేము ఆయన్ని చూసేది రెండు మూడుసార్లే. వేలి కొసలు సిమెంటుకు తిని ఉన్నాయి. సంతకం పెట్టేటప్పుడు పెన్ను జారింది. మేడం చూడనట్టు ఊరుకున్నారు.

ఈసారి మాతో మా స్నేహితురాలు ఒకమ్మాయి కూడా వచ్చింది. పేరు రాయవద్దంది, రాయడం లేదు. వాళ్ల అమ్మానాన్న ఇటుక బట్టీలో పనికి దూరం వెళ్లారు. సెలవులకు వెళ్లడానికి దానికి ఇల్లు ఉంది గానీ ఇంట్లో మనుషులు లేరు. వాళ్ల నాన్న ఫోనులో మేడంతో మాట్లాడి ఒప్పుకున్నారు. మా చిన్నదానికి లోపల ఒక భయం ఉండేది. మా ఇల్లు రెండు గదులు, బాత్రూముకు తలుపు బదులు గోనెపట్టా. అది చూసి ఏమనుకుంటుందో అని బస్సులో దారంతా మా ఇల్లు ఎంత చిన్నదో ముందే చెప్పుకుంటూ వచ్చింది. చివరికి ఆ అమ్మాయి, "మాది ఒక గదే, ఇక ఊరుకో" అంది.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ దగ్గర పల్లె. మేము దిగేసరికి ఇంటి నిండా జనం. హైదరాబాదు నుంచి బాబాయి వాళ్లు, పెద్దత్త వాళ్లు, అమ్మ పుట్టింటి నుంచి అమ్మమ్మ. పిల్లలతో కలిపి పంతొమ్మిది మంది. మగవాళ్లు వసారాలో, మేమంతా లోపల వరసగా పడుకుంటే అర్ధరాత్రి నీళ్లకు లేచిన వాళ్లు ఎవరి కాలో తొక్కకుండా వెళ్లలేరు. పగలంతా అరిసెలు. నాయనమ్మ పాకం పట్టే దగ్గరకు ఎవరినీ రానివ్వదు. చిన్న పళ్లెంలో నీళ్లు పోసి, అందులో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తుంది. పాకం ముదిరితే తప్పు మాది, కుదిరితే గొప్ప ఆమెది.

24 రాత్రి కేరల్స్ తిరిగాం. ముందు డప్పు, వెనక తాళాలు, పెట్రోమాక్సు బదులు ఇప్పుడు సెల్ ఫోన్ల లైట్లు. మా స్నేహితురాలికి పాటలు రావు. అయినా చప్పట్లు మాకంటే గట్టిగా కొట్టింది. 25న ఆరాధన, కొత్త బట్టలు, మాంసం కూర, ఇంటింటికీ పళ్లేలు పంచడం, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి ఎక్కువ రాయం. అసలు సంగతి ఆ రాత్రి మొదలయింది.

అన్నాలయ్యాక పెద్దత్త నాన్నతో, "తమ్ముడూ, పెద్దపిల్ల పరీక్షలు మార్చిలో అయిపోతాయిగా" అంది. నాన్న అవునన్నారు. "మరి వచ్చే ఆదివారం బాప్తిస్మాలు ఉన్నాయంట. దాన్ని కూడా దించండి. పని అయిపోద్ది."

దించడమంటే నీళ్లలోకి. మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిశాక, తానే అడిగితే ఏటిలో ముంచి ఇస్తారు. ఇంకో నియమం కూడా ఉంది. చర్చిలో పెళ్లి జరగాలంటే బాప్తిస్మం అయి ఉండాలి. అందుకని మా పల్లెలో ఆడపిల్లకు బాప్తిస్మం ఎప్పుడని పెద్దవాళ్లు అడిగితే అందులో ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. అత్త కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. బావ మంచివాడే. ఆ మాట రాయకపోతే పాపం. పోయిన ఏడు పెద్దదానికి జామెట్రీ బాక్సు కొనిపెట్టింది కూడా ఆయనే. ఆ సంగతి జరుగుతున్నంత సేపూ ఆయన వసారాలో తల దించుకుని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

నాయనమ్మ సంతోషపడింది. ఆమెకు బాప్తిస్మం అంటే వేరే లోకం. వాళ్ల ముత్తాత వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన వాళ్లలో ఒకడని చెబుతుంది. ఆ సంగతి మా సంఘంలో అందరికీ తెలిసిందే. 1878 జూలై 3న క్లౌ దొర కాలంలో ఒక్క రోజులో 2222 మంది ఆ ఏటిలో దిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ముంచారు. నాయనమ్మకు వంద దాటి లెక్క రాదు. కానీ ఈ అంకె మాత్రం తడుముకోకుండా చెబుతుంది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పెద్దది ఏడవలేదు. దుప్పటి ముసుగు తీయకుండా, "నాకు ఇష్టం లేదని చెబితే దేవుడంటే ఇష్టం లేదనుకుంటారు" అంది. అదే చిక్కు. మా స్నేహితురాలు కాసేపటికి తన అక్క సంగతి చెప్పింది. తొమ్మిదో తరగతిలో మానిపించి పెళ్లి చేశారు. ఇప్పుడు బిడ్డతో బట్టీలోనే ఉంది. తన పాత పుస్తకాలు చెల్లెలికి ఇస్తూ, అట్టల మీద తన పేరు కొట్టేయవద్దని అడిగిందట. ఆ పుస్తకాలు మన హాస్టల్లో మేమందరం చూసినవే. అట్టమీద ఇంకొకరి పేరేమిటని ఎగతాళి చేసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

తెల్లవారి పెద్దది ఎవరికీ చెప్పకుండా పాస్టరు గారింటికి వెళ్లింది. చిన్నది వెంట వెళ్లింది. పాస్టరమ్మ గారు టీ ఇచ్చారు. పెద్దది ఉపన్యాసం చెప్పినంత ధైర్యంగా ఏమీ చెప్పలేదు. గొంతు పోయింది. చివరికి ఒకటే అడిగింది. "అయ్యగారూ, కరువులో క్లౌ దొర బాప్తిస్మాలు ఎందుకు ఆపారు?"

ఈ సంగతి ఆయనే మాకు సండే స్కూల్లో చెప్పారు. 1876లో మొదలైన పెద్ద కరువులో జనం అల్లాడుతుంటే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క కంట్రాక్టుకు తీసుకుని, తవ్వకం పని పెట్టి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎందరో అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ల మనసు వాళ్లకే తెలియాలని ఆపారు. కరువు తగ్గుముఖం పట్టాకే వెల్లంపల్లి రోజు వచ్చింది.

పాస్టరు గారు చాలాసేపు మాట్లాడలేదు. "తిండి కోసం వద్దన్నప్పుడు పెళ్లి కోసం మాత్రం ఎట్టా ఇస్తాం, అదేగా నువ్వు అడిగేది?" అన్నారు. పెద్దది తల ఊపింది. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. అత్తను ఏమీ అనలేదు. బాప్తిస్మం తీసుకునే వాళ్లు తమంతట తాము అడగాలని చెప్పారు. "పెళ్లంటారా, పద్దెనిమిది నిండని పిల్లకు నేను చేయను. 2006 నాటి చట్టం గట్టిగా ఉంది. చేసిన వాళ్లకూ చేయించిన వాళ్లకూ శిక్షే. ఇంతకు ముందు ఒకటి రెండు చేశాను, ఆ తప్పు నాకు తెలుసు" అన్నారు. ఆ చివరి మాట ఆయన చెప్పనక్కర లేదు. చెప్పారు కాబట్టే మిగతావి విన్నారని మాకనిపించింది.

బాబాయి ఊరుకోలేదు. "అంబేద్కరు గారు కూడా పదిహేనేళ్లకే చేసుకున్నారంటగా" అన్నాడు. నిజమే. 1906లో ఆయన పెళ్లి జరిగేటప్పటికి రమాబాయికి తొమ్మిదేళ్లు. పెద్దది వెంటనే, "అందుకే బాబాయ్, పెద్దయ్యాక తొందరపడవద్దని చెప్పారు" అంది. వసారాలో ఎవరో నవ్వారు. బావే అని చిన్నదానికి అనుమానం.

నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. అక్క మీద గౌరవం, పైగా ఆమె దగ్గర తీసుకున్న బాకీ ఒకటి ఉంది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. మాట్లాడింది అమ్మ. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేడేళ్లు. నలుగురిలో ఆమె గొంతు మేము విన్నది తక్కువ.

"వదినా, ఆదివారం నేను దిగుతా నీళ్లల్లోకి. దాన్ని చదువుకోనీండి. రెండిటికీ ముడిపెట్టబాకండి" అంది.

అందరూ అమ్మవైపు చూశారు. మా అమ్మ పుట్టింటి వాళ్లు పోలేరమ్మను కొలుస్తారు. అమ్మా నాన్నల పెళ్లి ఇంటి ముందు పందిట్లో జరిగింది. అమ్మ ఇన్నేళ్లూ చర్చికి వస్తూనే ఉంది కానీ బాప్తిస్మం తీసుకోలేదు. నాయనమ్మ అడిగీ అడిగీ మానేసింది. పాస్టరు గారు, "మనసుతోనేనా అమ్మా? ఈ గొడవ తప్పించడానికి కాదుగదా?" అని అడిగారు. చిన్నది పుట్టినప్పటి నుంచే ఉందనీ, వాళ్లమ్మ నొచ్చుకుంటుందని ఆగాననీ అమ్మ చెప్పింది. మూలన కూర్చున్న అమ్మమ్మ ఆకు నములుతూ, "నన్నెప్పుడన్నా అడిగితివా? అడక్కుండానే నొచ్చుకుంటానని నువ్వే అనుకుంటివి" అంది.

ఆదివారం పొద్దున ఏటి దగ్గర మంచు. ఆ రోజు దిగింది ఏడుగురు. అమ్మ తెల్ల చీరలో నాలుగోది. పాస్టరు గారు, ఒక సంఘ పెద్ద నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. అమ్మ మునిగి లేచేసరికి చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. నవ్వుతుందో వణుకుతుందో తెలియలేదు. గట్టు మీద పొడి చీర పట్టుకుని నిలబడింది మా అమ్మమ్మ. నుదుటి మీద బొట్టు, చేతిలో చీర, చుట్టూ పాటలు పాడేవాళ్లు. చీర అందిస్తూ, "తల సరిగ్గా తుడుచుకో, జలుబు చేసుద్ది" అంది. మా స్నేహితురాలు ఇదంతా ఎంతో శ్రద్ధగా చూసి, "మరి మీ అమ్మమ్మను ఎవరూ ఏమీ అనరా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. నాయనమ్మే ఆమె చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించింది.

పెద్దత్త ఏటి దగ్గరకు రాలేదు. ఆ మధ్యాహ్నమే సంచి సర్దుకుని బస్సెక్కింది. వెళ్లేటప్పుడు నాన్నతో బాకీ మాట ఎత్తింది. నాన్న ముఖం చూసి పెద్దది ఆ పూట అన్నం తినలేదు. తన మూలంగానే అనుకుంది. బావ మాత్రం బస్సు దగ్గర చిన్నదాన్ని పిలిచి, "అక్కను బాగా చదువుకోమను" అని చెప్పి ఎక్కాడు.

మర్నాడు మేము హాస్టలుకు బయల్దేరాం. నాయనమ్మ రెండు డబ్బాల అరిసెలు కట్టింది. "ఇంటికి పోని పిల్లలు ఎంతమంది?" అని మా స్నేహితురాల్ని అడిగి లెక్క పెట్టించి మరీ కట్టింది. పెద్దదాన్ని పక్కకు పిలిచి, "పది అయ్యాక ఏం చదువుతావు?" అని అడిగింది. ఇంటర్, తర్వాత నర్సింగ్ అని పెద్దది చెప్పింది. "అప్పటికి నేనుంటానా?" అంది నాయనమ్మ. దానికి మా దగ్గర జవాబు లేక అరిసెల డబ్బా బరువు గురించి మాట్లాడాం.

ఆ అరిసెలు డిసెంబరు 31 రాత్రి మూడో గదిలో మీరందరూ తిన్నవే. పాకం కొంచెం ముదిరిందని ఒకరిద్దరు అన్నారు. ఆ తప్పు మాది. అత్త ఇంతవరకు నాన్నకు ఫోను చేయలేదు. నాన్న బాకీలో కొంత ఈ నెల కూలి డబ్బుల్లోంచి పంపించారట. పెద్దది ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి లెక్కలు చేస్తోంది. లైటు కళ్లలో పడుతోందని పక్క మంచాల వాళ్లు తిడుతున్నారు. మార్చి దాకా ఓర్చుకోండి.