స్టీరింగు

మా నల్లపాడులో నది లేదు. మిరపకాయల ఘాటుంది, పత్తి దుమ్ముంది, రైలు జంక్షనుంది. మా పల్లెలో పడవెక్కిన వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా నేను రాయబోయేది పడవ స్టీరింగు గురించే.

మా నాన్న గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు మోశాడు. ఆ వీపుమీదే నేను బి.ఇడి. దాకా వొచ్చాను. ఇంటికి ఇంకో కూలి కావాల్సొచ్చి మా అన్న ఏడో తరగతిలో బడి మానేసి ట్రాక్టర్ల షెడ్డులో చేరాడు. మా ఇంటిపేరుతో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అదే ఇంటిపేరుతో ట్రాక్టరు స్టీరింగు బాక్సు విప్పి బిగించిన మొదటివాడు మా అన్న. నాదాన్ని చదువంటారు. అన్నదాన్ని పనంటారు.

మా అక్కనిచ్చింది కొల్లూరు వైపు కృష్ణ లంకలో. అరటితోటల్లోకి కూలికి పోవాలంటే నదీపాయ దాటాలి. అక్కడొక ఆసామి పాత ఫైబరు పడవ ఒకటి సెకండుహ్యాండులో కొన్నాడు. వెనక నలభై హార్సుపవరు ఇంజను, ముందు స్టీరింగు చక్రం. 2024 ఎండాకాలంలో అక్క ఫోను చేసింది. "చక్రం తిప్పాలంటే ఇద్దరు మగాళ్ళు వేలాడాలిరా. నిన్న పాయ మధ్యలో అసలు తిరగనే లేదు. పదిమంది ఆడోళ్ళం ఉన్నాం లోపల."

ఆసామికి మా అన్న సంగతి చెప్పింది కూడా అక్కే. ఆదివారం ఇద్దరం పోయాం. ఆసామి నన్ను చూసి "రండి మాష్టారూ" అని కుర్చీ చూపించాడు. అన్నని చూసి "ఏరా, ఎంతసేపట్లో అవుద్ది?" అన్నాడు. ఇద్దరం ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళమే. మంచినీళ్ళు మాత్రం ఇద్దరికీ ఒకేలాంటి గ్లాసుల్లో వొచ్చాయి. తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు.

అన్న కూర్చోలేదు. పడవ వెనక్కి పోయాడు. ట్రాక్టరుకి ముందు చక్రాలు తిరుగుతాయి. ఇట్టాంటి పడవకి వేరే చుక్కాని ఉండదు, వెనక ఇంజనే పక్కకి తిరుగుతుంది. చక్రం తిప్పితే కేబులులోపలి ఉక్కుతీగ ఒక రాడ్డుని తోస్తుంది, లాగుతుంది. ఆ రాడ్డు ఇంజను బ్రాకెట్టులోని గొట్టంలోంచి పోయి, ఒక లింకుతో ఇంజనుని తిప్పుతుంది. అన్న ముందు లింకు విప్పాడు. ఇంజనుని చేత్తో తోస్తే సుళువుగా తిరిగింది. జబ్బు ఇంజనులో లేదు. గొట్టంలోంచి రాడ్డు లాగటానికి గంట పట్టింది. పాత గ్రీజు గట్టిపడి, తుప్పుతో కలిసి రాయైపోయింది. రాడ్డు బయటికొచ్చాక కూడా చక్రం బిగుసుకునే ఉంది. అంటే కేబులులోకి నీళ్ళు దిగి తీగ తుప్పు పట్టిందన్నమాట.

"కాస్త నూనె పోసి, ఆ రాడ్డుకి వెల్డింగు పెట్టి పంపెయ్" అన్నాడు ఆసామి.

"స్టీరింగు రాడ్డుకి వెల్డింగు పెట్టనండి. కేబులు మార్చాలి" అన్నాడు అన్న.

నేను ఫోనులో ఇంగ్లీషు మాన్యువలు తీసి చదివాను. అందులోనూ అదే ఉంది. పుస్తకం అన్న మాట తరవాతే వొచ్చింది. నా చదువు ఆ రోజు పనికొచ్చింది కేబులు పైతొడుగు మీద చెరిగిపోతున్న అక్షరాలు చదివి, కొత్తదాని పొడవు ఎన్ని అడుగులో రాసుకోవటానికి.

ఆసామి కొడుకు హైడ్రాలిక్ పెడదామన్నాడు. చక్రం దగ్గర పంపు, ఇంజను దగ్గర సిలిండరు, మధ్య రెండు గొట్టాల్లో నూనె. తిప్పటం తేలిక. కానీ ఖర్చెక్కువ. నూనెలో గాలి చిక్కితే మొత్తం తీసేదాకా పట్టు దొరకదు. "గొట్టం కారితే ఈ లంకలో ఎవరు చూస్తారండీ? ఈ ఇంజనుకి మంచి కేబులు చాలు" అన్నాడు అన్న.

రెండు వారాల తరవాత కొత్త కేబులుతో పోయాం. గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, తీగబ్రష్షుతో తోమి, నీళ్ళకి పోని గ్రీజు పెట్టాడు. కేబులు ఎక్కడా మరీ వంపు పడకుండా పరిచాడు. పాత నట్లు పారేసి, అదురుకి వదులుకాని కొత్త నట్లు తీశాడు. ఆఖరి నట్టు చేతిలో ఉండగా ఆసామి అన్నాడు, "అది బిగించి ఒడ్డుకి రారా. మావాడు నడిపి చూస్తాడు."

"నేను చూడకుండా ఇవ్వనండి. ఒడ్డున చక్రం తిరగటం వేరు, నీళ్ళల్లో ఇంజను తోస్తుంటే తిరగటం వేరు."

"నువ్వు నడిపేదేందిరా?"

నేను నోరు తెరవబోయాను. అన్న వొద్దన్నట్టు తలూపాడు. నట్టు గుప్పిట్లోనే ఉంది. గట్టుమీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి నిలబడ్డారు. మా అక్క అంది, "వాడు నడిపి చూస్తేనే మేం ఎక్కేది."

అరటి గెలలు కోతకొచ్చి ఉన్నాయి. ఆసామి మొహం తిప్పుకున్నాడు. అన్న నట్టు బిగించి చక్రం ముందు కూర్చున్నాడు. ముందు నెమ్మదిగా కుడికి చివరిదాకా, ఎడమకి చివరిదాకా. తరవాత జోరుగా. ఒడ్డుకొచ్చి లింకు మళ్ళీ తడిమి చూశాడు. అప్పుడు దిగాడు.

ఆ సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు పోయాయి. ఎగువనించి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. కింద లంకలు మునిగాయి. మా అక్కావాళ్ళు నీళ్ళు ఇళ్ళల్లోకి రాకముందే ఆ పడవమీదే ఇవతలికొచ్చారు. అక్క ఫోను చేస్తే అన్న మొదట పిల్లల్ని అడిగాడు, తరవాత "చక్రం ఎట్టా తిరిగింది?" అన్నాడు.

ఇప్పుడు కూలికిపోయే ఆడవాళ్ళు ఎక్కేముందు, చక్రం ఆ చివరినించి ఈ చివరిదాకా తిప్పమని నడిపేవాణ్ణి అడుగుతున్నారు. ఇంజను కూడా తిరుగుతుందో లేదో ఒకావిడ వెనక నిలబడి చూస్తుంది. తిరిగాకే అందరూ ఎక్కుతారు.