సన్నగా చీల్చిన కట్టెలు

అలెస్‌యౌరె విడిది నుంచి చెక్చా విడిదికి 13 కిలోమీటర్లు. ఆగస్టు చివరి వారం. మధ్యాహ్నం దాకా ఆకాశం తేటగానే ఉంది. ఆ తర్వాత ఎదురుగాలి లేచింది, వాన అడ్డంగా వచ్చి చెంపల మీద కొట్టింది. చేతి తొడుగులు తడిసి ముద్దయ్యాయి.

ఉత్తర స్వీడన్‌లో అబిస్కో నుంచి హెమవాన్ దాకా సుమారు 440 కిలోమీటర్లు సాగే కాలిబాట ఇది. పేరు కుంగ్స్‌లేడెన్, అంటే రాజమార్గం. రాళ్ల మీద ఎర్ర రంగు చుక్కలు చూసుకుంటూ నడుస్తాం. ఆ పక్కనే పొడవాటి గుంజలు, వాటి తలల మీద ఎర్రటి ఇంటూ గుర్తులు. అవి చలికాలంలో స్కీల మీద వచ్చేవాళ్లకు. రాళ్లన్నీ మంచు కింద మునిగిపోయాక ఆ గుర్తులే దిక్కు.

చెక్చా విడిది సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఈ బాటలోని విడిదులన్నిటిలో ఇదే ఎత్తైనది. 1885లో పుట్టిన స్వీడిష్ టూరిస్టు సంఘం దీన్ని నడుపుతోంది. గుమ్మంలోనే విడిది చూసుకునే పెద్దావిడ ఎదురొచ్చి, వేడివేడి లింగన్‌బెర్రీ పళ్లరసం గ్లాసు చేతికిచ్చారు. “ముందు ఇది తాగండి, పేరు తర్వాత రాసుకుందాం” అన్నారు. ఎండాకాలం చలివేంద్రం ముందు నిలబడి దోసిలి పట్టినప్పటి తృప్తి, ఆ చలిలో నాకు మళ్లీ తెలిసింది.

ఇక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు, కొట్టు లేదు. వాగు నుంచి నీళ్లు మోసుకురావడం, కట్టెలు కొట్టడం, గిన్నెలు తోమడం, వెళ్లేముందు ఊడవడం, అన్నీ దిగినవాళ్ల పనే. విడిది మూసేసే నెలల్లో కూడా ఒక గది తలుపుకు తాళం వెయ్యరు. తుఫానులో చిక్కుకున్నవాళ్లకు అదే ప్రాణం.

గదిలో ఇనుప పొయ్యి చల్లగా ఉంది. పక్కన పెట్టెలో పైన బర్చ్ చెట్టు బెరడు, దాని కింద వేలెడు మందాన చీల్చిన పుల్లలు, అడుగున లావు మొద్దులు. తడి చేతులతో అగ్గిపుల్ల గీశాను. బెరడు నూనె గుడ్డలా భగ్గున అంటుకుంది. పుల్లలు చిటపటలాడాయి. కాసేపటికి తీగ మీద ఆరేసిన మేజోళ్ల నుంచి ఆవిరి లేచింది. పొద్దున వెళ్లిపోయినవాళ్లెవరో నాకోసం పేర్చి పెట్టిన నిప్పు అది. వాళ్ల ముఖం కూడా నేను చూడలేదు.

మర్నాడు బకెట్లు నింపి, గొడ్డలి పట్టుకున్నాను. నేను చీల్చిన ముక్కలు చూసి ఆవిడ తల అడ్డంగా ఊపారు.

“ఇంకా సన్నగా చీల్చండి. వచ్చేవాళ్ల చేతులు కొంకర్లు పోయి ఉంటాయి.”

మళ్లీ మొదలుపెట్టాను. పెట్టె నిండేదాకా లేవలేదు. పైన బెరడు పరిచి బయల్దేరాను.

చెక్చా కనుమ మీద గాలికి అడ్డంగా చిన్న చెక్క గది ఉంది. అవతల ఉన్న సెల్కా విడిది వైపు నుంచి ఎక్కి వచ్చిన ఇద్దరు అక్కడ చంకల్లో చేతులు పెట్టుకుని వణుకుతున్నారు. విడిది ఇంకా ఎంత దూరమని అడిగారు.

“దగ్గరే. పొయ్యి పక్కన పెట్టెలో సన్న పుల్లలు ఉన్నాయి” అన్నాను.