సెలవు మీద వచ్చిన సిపాయి

మర్యాదలు మంటగలిసిపోవుచున్నవను మొఱ లోకమున నెన్నడును కొత్తది కాదు గాని, ఆ మొఱకు గుఱియగు వర్గము మాత్రము కాలమును బట్టి మాఱుచుండును. ఒకప్పుడు బడిపిల్లల మీదను, పిమ్మట బస్సు కండక్టర్ల మీదను కురిసిన నిందాక్షతలు ఇటీవల సిపాయి నెత్తిపై పడనారంభించినవి. మా కోటగిరి బస్టాండు ప్రక్క హోటలులో ప్రొద్దుటిపూట చాయ త్రాగుచు లోకవ్యవహారములకు తీర్పు చెప్పు పెద్దలలో నొక వృద్ధుడు మొన్న గొప్ప నిట్టూర్పు విడిచి, "ఇప్పటి మిలిట్రీ పోరగాండ్లకు అదబు లేదు పటేలా! రైల్ల కూసుంటే సీటు మనది గాదు, తాగితే ఒళ్లు వాళ్లది గాదు" అని పలుకగా తక్కినవారందఱు తలలూపిరి. ఏ విషయమునందైనను ఇద్దఱొక్క మాట మీద నిలువని ఆ సభలో అంతటి యైకమత్యమును చూచి నేను కొంత ఆశ్చర్యపడితిని.

ఈ యభియోగమును నిరాధారమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా మన్మాడు పోవు మార్గమున రాత్రిపూట ప్రయాణము చేసినవారు ఎఱిగినదే. సెలవు చీటీ జేబులో పడిన క్షణము నుండి కొందఱు యువకులు, నడుమునకు బిగించిన బెల్టును విప్పివైచినట్లు, నడవడిని గూడ సడలించుకొందురు. ఒకరు సొమ్ము చెల్లించి నమోదు చేయించుకొన్న బెర్తుమీద తమ మచ్చల సంచిని పఱచి కూర్చుందురు. స్టీలు గ్లాసులో నేమున్నదో వాసనయే చెప్పుచుండగా, ఫోనులోని పాటను బోగీ యంతటికి పంచిపెట్టుదురు. టికెట్టు పరీక్షకుడు వచ్చి ప్రశ్నించినచో, సరిహద్దులో తామున్నందుననే అతడు ఇక్కడ సుఖముగ నిద్రించుచున్నాడను నొక్క వాక్యముతో నతని నోరు మూయింతురు. ఆ వాక్యము సత్యమే; కాని దానికిని బెర్తు నంబరుకును గల సంబంధమేమో నాకు నేటికిని బోధపడలేదు. అందఱు నిట్టివారని నేననను. పదుగురిలో నొకడు చాలును, తక్కిన తొమ్మండుగురి పరువును రైలు దింపుటకు.

మా చెఱకు సీమలో సిపాయి వృత్తి మొదటినుండియు అరుదైనది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధనులో గానుగ త్రిప్పినంత కాలము యువకులకు ఆ ఫ్యాక్టరీ ఊరగు శక్కర్‌నగరు కలదు. అది చాలనివారికి దుబాయి కలదు. పటాలము మూడవ త్రోవ. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి తాళము పడిన తరువాత ఆ మూడవ త్రోవయు కొంత నలిగినదిగాని, నేటికిని ఊరిలో నొక సిపాయి సెలవు మీద వచ్చినచో వాడకట్టు వాడకట్టంతయు చూచుచునే యుండును. అందఱి కన్నులును తన మీదనున్న వాని తప్పు చిన్నదైనను పెద్దదిగనే కానవచ్చును.

అయినను, పతనమనినప్పుడు ఏ శిఖరము నుండి పతనమో చెప్పవలసియుండును గదా! మన దేశచరిత్రలో సిపాయి జీతము చిల్లర సొమ్ము కాదు. జిల్లాలకు జిల్లాలను మ్రింగిన జీతము. 1753లో హైదరాబాదు నవాబగు సలాబత్ జంగు ఫ్రెంచి సేనాని బుస్సీ సేనల పోషణార్థము ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి వశము చేసెను. 1800 నాటి సంధితో ఈస్టిండియా కంపెనీ పటాలముల ఖర్చు క్రింద నిజాము చేతి బళ్లారి, అనంతపురము, కడప సీమలు దత్తమైపోయెను. 1853లో ఇంగ్లీషు దొరల క్రింద నడచు హైదరాబాదు కంటింజెంటు సేన బకాయిల నిమిత్తము బీరారు చేజాఱెను. ఇంత వెల పెట్టి పోషించిన యోధులు వీధిలో నెట్లు మెలగిరనిన, నిజాము కొలువులోని అరబ్బు జమేదారులు వడ్డీలకు సొమ్మిచ్చి, తీర్పలేని ఋణగ్రస్తులను తమ ఇండ్లలోనే బంధించుచుండిరి. రోహిల్లాలు బాకీదారుని గుమ్మము ముందు తిష్ఠవేసి యతని కుటుంబమును గడప దాటనిచ్చెడివారు కారు. మొదటి సాలారుజంగు ముప్పది సంవత్సరముల దివానుగిరిలో ఎంత శ్రమ వీరిని అదుపులో పెట్టుటకే వ్యయమయ్యెనో చరిత్ర చదివినవారెఱుగుదురు. అంతకంటె క్రమశిక్షణ గలదని పేరుపడిన కంటింజెంటు మాత్రమేమి చేసినది? 1855లో బొల్లారమున మొహర్రము ఊరేగింపును గూర్చి యిచ్చిన యాజ్ఞ నచ్చక, బ్రిగేడియరు కాలిన్ మెకంజీ మీద స్వంత ఆశ్వికులే కత్తులు దూసి యతనిని తీవ్రముగ గాయపఱచిరి.

ఇంకను దగ్గఱి కాలమునకు వత్తము. ఖాకీ తొడిగి, తుపాకి పట్టి, ఎవరికిని జవాబు చెప్పనక్కఱలేక పల్లెలపై బడిన రజాకార్ల దౌర్జన్యము 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు భారత సైన్యము జరిపిన పోలీసు చర్యతో అంతరించినది. ఆ సైన్యమును ప్రజలు పూలతో నెదుర్కొనిన మాట నిజము. కాని మంజీరకు ఆవలి ఒడ్డున, నాందేడు, బీదరు ప్రాంతములలో, ఆ పిమ్మట జరిగిన ఘోరములను విచారింప నదే సంవత్సరము చివర పర్యటించిన పండిత సుందర్‌లాల్ సంఘము, కొన్ని తావుల సైనికులును స్థానిక పోలీసులును దోపిడులలోను, అంతకు మించిన నేరములలోను పాల్గొనిరని నివేదించినది. ఆ నివేదిక సామాన్య పాఠకుని కంటబడుటకు 2013 వఱకు ఆగవలసివచ్చెను. బెర్తు మీద సంచి పెట్టుటను, దీనిని నేనొక్క త్రాసులో తూచుట లేదు. వెనుకటి సిపాయిలందఱును శ్రీరామచంద్రుని తమ్ములనుకొని నిట్టూర్చు మా హోటలు సభవారికి జ్ఞాపకము చేయుచున్నాను.

మఱి వారి మనస్సులోనున్న ఆ మర్యాదస్థుడగు సిపాయి ఎవడు? అతడు కల్పితుడు కాడు. నేనతనిని చూచితిని. బంగ్లాదేశ యుద్ధకాలమున కొలువు చేసి వచ్చిన వాడొకడు మా ప్రాంతమున నుండెడివాడు. ఊరంతయు హవల్దారు సాబు అని పిలుచుచుండెను. అరుగు స్తంభమునకు మేకు కొట్టి అరచేతియంత అద్దము తగిలించి, సూర్యోదయమునకు మునుపే గడ్డము గీచుకొనుట యతని సంధ్యావందనము. నల్లరంగు పూసిన యినుప పెట్టెమీద తెల్లని యక్షరములతో నతని పేరును నంబరును నుండెడివి. ఆ పెట్టెలోని దుప్పటి మడత నాలుగు మూలలును కత్తితో కోసినట్లుండెడివి. రేషను దుకాణమున డీలరు, "ముంగటికి రాండ్రి సాబ్" అని ఎంత పిలిచినను, "లైన్ల ఉన్న గదా, నడువనియ్" అని సంచి చంకలో పెట్టుకొని తన వంతు వచ్చుదాక నిలుచుండెడివాడు. ఈ నిగ్రహము ఎట్లు అబ్బినదని యొకనాడడిగితిని. కొలువులో చేరిన కొత్తలో నొక బజారున చొక్కా పైగుండీ తెఱచికొని తిరుగుచుండగా ఎఱ్ఱటోపీ మిలిటరీ పోలీసు చూచి పేరు వ్రాసికొనెనట. తాను యూనిటుకు చేరకమునుపే ఆ కాగితము చేరెనట. "గుండీ వెట్టుకోలేదని వారం దినాలు పిట్టూ మోయించిండ్రు. ఇగ ఆ గుండీ నేను సచ్చేదాక ఊడది" అనుచు మెడకడ తడిమి చూపెను. మండుటెండలో నైనను ఆ గుండీ పెట్టియే యుండెను.

అతని సౌజన్యము పుట్టుకతో వచ్చినది కాదని, తప్పు చేసిన దినమున వ్రాసికొనువాడొకడును, వ్రాసినదానిని చదివి శిక్షించువాడొకడును ఉండుటచేత వచ్చినదని అతడే ఒప్పుకొనెను. ఆ వ్రాసికొనువాడు నేడును సికింద్రాబాదు స్టేషనులో ఎఱ్ఱటోపీతో కానవచ్చును. చట్టమును మాఱలేదు; 1950 నాటి సైనిక చట్టము 48వ విభాగము ప్రకారము మత్తులో దొరకిన సిపాయి విధిలో నున్నను లేకున్నను అపరాధియే. మాఱినవారము మనము. అరబ్బు జమేదారును జూచి మన తాతలు వణకిరి, కావున నతనిపై ఫిర్యాదు చేయలేదు; నేటి జవానును మనము పూజించుచున్నాము, కావున నితనిపైనను ఫిర్యాదు చేయుట లేదు. నడుమ, వణకుటయు పూజించుటయు గాక కేవలము గౌరవించిన యొక కొద్ది కాలమున మాత్రము, తప్పు చేసిన సిపాయి పేరు పై అధికారికి వ్రాయు ధైర్యము మనకుండెను. హవల్దారు సాబు ఆ కొద్ది కాలమునకు చెందినవాడు.

పూజయే పాడుచేయునది. శిక్షణ ముగించుకొని తొలిసారి యింటికి వచ్చు పిల్లవానికి ఊరి మొగనే నిలువెత్తు ఫ్లెక్సీ, డీజే మోతతో నూరేగింపు, మెడనిండ దండలు. ఇంకను ఒక్క తూటాయైన శత్రువుపై పేల్చని ఆ బాలునికి తాను దేశమునకిచ్చినదానికంటె దేశము తనకు బాకీపడినదే అధికమను భావము కలిగినచో నది యతని తప్పా? ఇక ఫోనులు. తుపాకితో, తనువు విఱుచుకొని, సినిమా మాటలకు పెదవులు కదపు దృశ్యములు వ్యాపించుటతోబాటు గూఢచారుల బెడదయు పెరుగగా, 2020 జూలైలో సైన్యము ఫేస్‌బుక్కు మొదలుకొని 89 యాప్‌లను సిపాయిలు తీసివేయవలెనని శాసించినది. వారి ఫోనులనుండి తొలగించినంత మాత్రమున, మామ కొడుకు ఫోనులో నుండకపోవునా?

అన్నిటికంటె విచిత్రమైనది క్యాంటీను సారా ముచ్చట. సిపాయికి నెలవారీ వంతుగ చౌకధరకు దొరకు ఆ సీసాలు అతని స్వంతమునకే గాని పంచుటకును అమ్ముటకును కావు. కాని సెలవు దినములు దగ్గఱపడగానే బావమఱది మొదలు గ్రామపెద్ద వఱకు ఫోనులు పోవును: "చెల్లె పెండ్లి ఉన్నది, రెండు రమ్ములు తే." తేనివాడు పొగరుబోతు, తెచ్చినవాడు మంచివాడు. ఆ మంచివాడే త్రోవలో నొక మూత తెఱచినప్పుడు, సైన్యము చెడిపోయినదని సంతాపసభ జరుపువారమును మనమే.

అగ్నిపథము వచ్చిన తరువాత ఈ చర్చకు మఱియొక ముడి పడినది. 2022 జూన్ 14న ప్రకటింపబడిన యీ సైనిక నియామక పద్ధతిలో కొలువు నాలుగేండ్లు. ఆపైన నిలుచువారు నూటికి ఇరువదియైదుగురు మించరు. నాలుగేండ్లలో ఆ పైగుండీ పెట్టుకొనుట అలవాటగునా యని హవల్దారు సాబు బ్రతికియున్న నడిగెడివాడే. ప్రకటన వెలువడిన మూడు దినములకే, జూన్ 17న, ఆ పద్ధతిని నిరసించుచు సికింద్రాబాదు స్టేషనులో సిపాయిలు కాగోరిన యువకులే రైలు బోగీలకు నిప్పంటించిరి; పోలీసు కాల్పులలో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు ప్రాణము కోల్పోయెను. ఆ పిదప, అల్లరిలో పాల్గొనలేదని అభ్యర్థులందఱు హామీ వ్రాసి యీయవలెనని సైన్యము చెప్పెను. ఆ నిప్పు తప్పే. కాని పరుగు పందెము గెలిచి, వైద్యపరీక్ష గెలిచి, కరోనా పేరట రెండేండ్లు వ్రాతపరీక్ష కొఱకు కాచికొని, తుదకు పరీక్షయే లేదనిపించుకొన్నవానికి క్రమశిక్షణను గూర్చి ఉపన్యసించుటకు నాకు నోరాడలేదు.

గత వేసవిలో నేను చూచినదొకటి చెప్పెదను. పగటి రైలు, సాధారణపు బోగీ. ఒక యువ సిపాయి తాను కిటికీ ప్రక్క కూర్చుండి, సంచిని మఱియొక సీటున కూర్చుండబెట్టి, గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేయుచుండెను. ఎదుట ముగ్గురు పెద్దమనుష్యులు సైన్యపు పూర్వవైభవమును, నేటి దుర్గతిని గూర్చి అతనికి వినబడని గొంతుకతో వాపోవుచుండిరి. కామారెడ్డిలో నొక బీడీలు చుట్టు ముసలమ్మ తునికాకు మూటతో నెక్కి, అటునిటు చూచి, సంచి ముందర నిలిచి, "బిడ్డా, దీనికి సుత టికెట్టు దీసినవా?" అనెను. బోగీ ఘొల్లుమనెను. అతడెఱ్ఱబడి సంచిని పైకెత్తి, "కూసో అవ్వా" అని చోటిచ్చెను. ఆమె కూర్చుండి, ఏ ఊరని, ఎన్నొద్దుల సెలవని, వచ్చుచున్నట్లు ఇంట చెప్పినావాయని యొక్కొక్కటే యడిగి, గ్లాసు వైపు చూచి, "గిట్ల తాగి ఇంటికి వోకు బిడ్డా. కండ్లు ఎర్రగున్నయని మీ అవ్వ దిష్టి తీస్తది" అనెను. అతడు మాటాడక లేచిపోయి, నల్లా కడ గ్లాసు కడిగి, ముఖమును కడుగుకొని వచ్చి కూర్చుండెను. నిజామాబాదు దగ్గఱపడుచుండ నతడు తలుపు కడకు నడచెను. వాపోయిన ముగ్గురిలో నొకరు మెల్లగ వెంబడించి, చెవి దగ్గఱ నోరు పెట్టి, "తమ్మీ, బ్యాగుల ఇంకోటి ఉన్నదా? పైసలిస్త" అని యడుగుచుండిరి.