అక్టోబరు పంచాంగం

మా తాతయ్య ఉగాదినాడు రామాలయం అరుగు మీద కూర్చుని పంచాంగం చదివేవారు. ఊరంతా చుట్టూ మూగేది. ఈ రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అంటూ ఏకరువు పెట్టేవారు. ఆ విద్య నాకు అబ్బలేదు గానీ, ఆ బుద్ధి మాత్రం అబ్బింది. ఏటా సెప్టెంబరు నెలాఖరుకి నేనూ ఓ పంచాంగం రాస్తాను. నా రాశులూ పన్నెండే. కాకపోతే అవి మేషం, వృషభం కావు. అమెరికా బేస్‌బాల్ జట్లు!

బేస్‌బాల్ అనగానే పేజీ తిప్పెయ్యకండి. అది మన క్రికెట్‌కి దూరపు చుట్టమే. మొత్తం 30 జట్లు. వసంతంలో మొదలెట్టి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. అప్పుడు 18 జట్లు మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోతే, మిగిలిన 12 జట్లూ ప్లేఆఫ్స్‌కి దిగుతాయి. తొలి అంచెలో మూడింట రెండాటలు గెలవాలి. రెండో అంచెలో అయిదింట మూడు. ఆ తరవాత రెండంచెల్లోనూ ఏడింట నాలుగు. ఆఖరిదాని పేరు వరల్డ్ సిరీస్. ఆడేవి అమెరికా జట్లూ, ఒకే ఒక్క కెనడా జట్టూను. అయినా పేరుకి ప్రపంచం! మన ఊళ్ళో నాలుగు బల్లల హోటలుకి 'గ్రాండ్' అని పేరు పెట్టుకోవడం లేదూ?

మేం ఉండేది సియాటిల్ పక్కన. చుట్టుపక్కల పది తెలుగు కుటుంబాలం కలిసి ఓ ముచ్చట పెట్టుకున్నాం. ప్లేఆఫ్స్ మొదలయ్యే ముందు ఇంటికో కాగితం మీద జోస్యం రాయాలి. దాని ఫోటో తీసి అందరికీ పంపాలి, తరవాత దిద్దుకోకుండా. ఎవరి జోస్యం ఎక్కువ నిజమైతే వాళ్ళకి మిగతావాళ్ళు పూతరేకులు తెప్పించి ఇవ్వాలి. అన్నేళ్ళలో నాకు ఒక్క రేకు కూడా దక్కలేదు.

నేను లెక్కల మనిషిని. ఎవరు ఎన్ని గెలిచారో, ఎవరి చెయ్యి నొప్పెడుతోందో అన్నీ చదివి మరీ రాస్తాను. 2023లో 104 ఆటలు గెలిచిన అట్లాంటాకి రాజయోగమని రాశాను. మా ఆవిడ టెక్సాస్ అని రాసింది. కారణమేమిటయ్యా అంటే, వాళ్ళ తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడట! ఆ ఏడాది అట్లాంటా, 101 గెలిచిన బాల్టిమోర్, 100 గెలిచిన లాస్ ఏంజెలెస్, మూడూ తాము ఆడిన మొదటి అంచెలోనే బోర్లా పడ్డాయి. వరల్డ్ సిరీస్ గెలిచింది సాక్షాత్తూ మా బావమరిది జట్టు. పూతరేకులు మా ఇంటికే వచ్చాయనుకోండి. కానీ వాటిని తినే అర్హత నీకుందా అన్నట్టు చూసింది మా ఆవిడ.

ఇందులో వింతేమీ లేదు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. ఆట మొదలుపెట్టే పిచర్ ఒకరోజు విసిరితే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. కాబట్టి 162 ఆటలు నెట్టుకురావడానికి అలాంటివాళ్ళు అయిదుగురు కావాలి. అయిదాటల పోటీకి ఇద్దరు గట్టివాళ్ళుంటే చాలు. ఆరు నెలల సంసారం వేరు, మూడు రోజుల పెళ్ళి వేరు. 2006లో సెయింట్ లూయిస్ 83 ఆటలే గెలిచి ప్లేఆఫ్స్‌కి వచ్చి, చివరికి కిరీటం ఎత్తుకుపోయింది. ఇంతా తెలిసి జోస్యం చెప్పడం ఎందుకంటారా? వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదని తెలిసే కదండీ, ప్రతి ఉగాదికీ పంచాంగం కొంటాం!

ఇక మా ఊరి జట్టు సంగతి. పేరు మారినర్స్, అంటే ఓడ సరంగులు. 1977లో పుట్టిన ఈ జట్టు 2025 దాకా వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు. 30 జట్లలో ఆ ఘనత దీనికొక్కదానికే దక్కింది. 2001లో మాత్రం 116 ఆటలు గెలిచింది. అంతకు ముందు అన్ని గెలిచింది 1906 నాటి షికాగో జట్టొక్కటే. తీరా అక్టోబరులో న్యూయార్కు చేతిలో ఓడిపోయింది. సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి పుట్టింది. ఆస్పత్రి నర్సు పసిగుడ్డుని నా చేతుల్లో పెడుతూ, "ఫరవాలేదు, వచ్చే ఏడాది ఈ పిల్ల చూస్తుందిలే" అంది. ఆ వచ్చే ఏడాది రావడానికి 21 ఏళ్ళు పట్టింది. మళ్ళీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2022లోనే. అప్పుడు హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ సాగిన ఆట నేనూ అమ్మాయీ స్టేడియంలో కూర్చుని చూశాం. రెండాటల పెట్టు. ఒకే ఒక్క పరుగుతో ఓడి ఇంటికొచ్చాం.

మా జట్టు ఆడిన ప్రతిసారీ నా కాగితంలో చివరి గడిలో సియాటిలే. ఎప్పుడూ పోయిందే. 2025లో మాత్రం నాకు జ్ఞానోదయమైంది. మావాళ్ళు 90 గెలిచారు, టొరంటో 94 గెలిచింది. పైగా ఎక్కువ ఆటలు వాళ్ళ గడ్డ మీదే. టొరంటో మావాళ్ళని ఓడిస్తుంది, లాస్ ఏంజెలెస్ టొరంటోని ఓడిస్తుంది అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఇందులో లెక్కతో పాటు ఓ కపటం కూడా ఉంది. గెలిస్తే సంతోషం, ఓడితే పూతరేకులు!

మా ఆవిడ చూసి, "సొంతవాళ్ళ గురించి అలా రాస్తారా ఎవరైనా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారండీ" అంది.

"వాళ్ళకి ఇంగ్లీషు రాదులే" అన్నాను.

డెట్రాయిట్‌ని 15 ఇన్నింగ్స్ ఆటలో గెలిచి మావాళ్ళు ముందుకెళ్ళారు. టొరంటో వెళ్ళి వరసగా రెండు గెలిచారు. కాగితం చింపేద్దామా అనిపించింది, కానీ ఫోటో పదిళ్ళకీ వెళ్ళిపోయింది. ఆ తరవాత అటూ ఇటూ అయి, ఏడో ఆట మిగిలింది. అది అక్టోబరు 20, సోమవారం. దీపావళి!

అమ్మాయి తన అపార్ట్‌మెంట్ నుంచి పండక్కి వచ్చింది. ఇక్కడ సాయంత్రం అయిదింటికి ఆట మొదలు. మా ఆవిడ గుమ్మంలో ప్రమిదలు వెలిగిస్తోంది. లోపల మావాళ్ళు 3-1తో ముందున్నారు. ఏడో ఇన్నింగ్స్‌లో ఒకడు అవుటయ్యాడు. ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్! అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరు టొరంటోవాళ్ళు బేస్‌ల మీదున్నారు. స్ప్రింగర్ అనే మహానుభావుడు బ్యాటు ఊపాడు. బంతి గోడ దాటింది. ఒక్క దెబ్బకి మూడు పరుగులు. 4-3. అంతే, ఆ లెక్క ఇంక మారలేదు.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిన అమ్మాయి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూద్దును గదా, ఫ్రిజ్ ముందు నిలబడి కాగితం చదువుతోంది.

"నాన్నా, ఎప్పుడూ సియాటిల్ రాసేవాడివిగా?"

"ఈసారి లెక్క వేశానమ్మా."

"లెక్క కరెక్టే" అంది.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నవంబరు 1న లాస్ ఏంజెలెస్ 11 ఇన్నింగ్స్ ఆటలో టొరంటోని ఓడించింది. నా జోస్యం అక్షరాలా ఫలించింది. తొమ్మిదిళ్ళ నుంచి పూతరేకులొచ్చాయి. ఒకటి నోట్లో వేసుకుంటే కాగితం నమిలినట్టుంది. పూతరేకులు అలాగే ఉంటాయి కదా అనకండి. నేను గోదావరి జిల్లావాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు.

ఆ రాత్రి తాతయ్య గుర్తొచ్చారు. ఒక ఉగాదికి నేను ఆయన భుజం మీంచి పంచాంగంలోకి తొంగి చూశాను. మా వీధి రైతు ఒకాయన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉంది. ఆయన పంట ఆ ఏడు నీళ్ళపాలైంది. తాతయ్య గొంతు సవరించుకుని, "ఆదాయం 14, వ్యయం 2" అని చదివేశారు. "తాతయ్యా, తప్పు చదివావు" అని అరవబోతే నా తొడ మీద గట్టిగా గిల్లారు. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం, "ఖర్చు సంగతి వాడికి నేను చెప్పాలట్రా?" అన్నారు.

ఆ గిల్లుడు అర్థం కావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇక మీదట మిగతా రాశుల సంగతి లెక్కలే చూసుకుంటాయి. మావాళ్ళు ప్లేఆఫ్స్‌కి వచ్చిన ప్రతి సెప్టెంబరులోనూ చివరి గడి మాత్రం నాది. సియాటిల్‌కి ఆదాయం 14, వ్యయం 2. పూతరేకులు నేనే కొనాల్సి వస్తుందని తెలుసు. కొంటాను.