గంటస్తంభం దగ్గర ఓ కుర్రాడు

వదినా, కాయలు తరుగుతూనే విను. విశాఖపట్నంలో బొమ్మలు వెయ్యడం చదువుతున్నాడే మా మేనల్లుడు, నిన్న వచ్చేడు. రెసిడెన్సీకి దరఖాస్తు పెడతాడట. హోటలు కాదే బాబూ! ఓ మ్యూజియమో, పాత కట్టడమో చూసుకునేవాళ్ళు ఆర్టిస్టుని పిలుస్తారు. ఉండడానికి గదీ, తిండికీ రంగులకీ ఇంత డబ్బూ ఇస్తారు. ఇక్కడి పాత వస్తువుల మధ్య కొన్నాళ్ళుండు, నీకు తోచింది కొత్తగా చెయ్యి అంటారు. లండన్‌లో వీ అండ్ ఏ మ్యూజియం వాళ్ళు ఇలాగే ఆర్టిస్టుల్ని ఉంచుకుంటారట. మనవాడి మనసు పాత గడియారాల మీద పడింది.

వింతేం ఉంది చెప్పు? విజయనగరం ఆనందగజపతి మహారాజు ఆదిభట్ల నారాయణదాసుగార్ని ఆస్థానంలో పెట్టుకోలేదూ? తిండీ తిప్పలూ మేం చూసుకుంటాం, నువ్వు పాడుకో, రాసుకో అన్నట్టే కదా అదీనూ.

గడియారాలతో ఏం చేస్తారురా అనడిగితే రాత్రి పదకొండు దాకా చెప్పేడు. ఢిల్లీలో రాక్స్ మీడియా కలెక్టివ్ అని ముగ్గురున్నారు. 2009లో 27 గడియారాలు తయారుచేసి గోడకి పెట్టేరు. వాటిమీద అంకెలుండవు. అంకె ఉండాల్సిన చోట భయం, అలసట, బాధ్యత... అలాంటి మాటలుంటాయి. ముల్లు వాటి మీద తిరుగుతుంది. ఒక్కో గడియారం ఒక్కో ఊరిది. మూడు మాత్రం ఎక్కడా లేని ఊళ్ళవి, అవి వెనక్కి తిరుగుతాయి. మా ఇంట్లో పెడితే, పొద్దున్న కాలేజీ బస్సొచ్చే వేళకి ముల్లు కంగారు మీంచి కదల్దు!

దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘ఎస్కేప్‌మెంట్’. గడియారం లోపల ఓ భాగం పేరే అది. బరువో స్ప్రింగో లాగుతూంటే పళ్ళచక్రాలు ఒక్కసారే గిర్రున తిరిగిపోకుండా, పన్ను తరవాత పన్ను ఆపి వదుల్తుంది. చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో గేటు దగ్గర ఒక్కొక్కర్నే వదుల్తారు చూడు, అలాగన్నమాట. మనకి వినిపించే టిక్కుటిక్కు దాన్దే.

క్రిస్టియన్ మార్క్లే అని ఇంకొకాయన. సినిమాల్లో గడియారాలు కనిపించే ముక్కలు వేలకొద్దీ ఏరి, అతికి, 24 గంటల సినిమా చేసేడు. తెరమీద మూడూ పది అయితే బయటా మూడూ పదే. 2011లో వెనిస్‌లో బంగారు సింహం బహుమతిచ్చేరు దానికి. అన్నాలెప్పుడు తింటారంటావా? సోఫాలు వేస్తారట. కావలసినంత సేపు కూర్చోడం, ఆకలేస్తే లేచిపోడం.

అంతదూరం ఎందుకు, హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం చూడలేదూ నువ్వు? పందొమ్మిదో శతాబ్దం నాటిది, కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి వేస్తూంటుంది. గంట గంటకీ గడ్డం బొమ్మ బయటికొచ్చి, ఎన్నయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు కొట్టే వేళకి జనం ఎలా మూగుతారో! చేతిలో ఫోన్లున్నాయి కదా, టైం తెలీక వస్తారా వాళ్ళంతా? గడియారం చేతిలోంచి టైం చెప్పే పని ఫోను లాగేసుకుంది వదినా. పదిమందినీ ఓ చోట నిలబెట్టే పని మాత్రం దానికింకా మిగిలే ఉంది. ఆర్టిస్టు చెయ్యేస్తే ఆ పని ఇంకా బాగా చేస్తుందంటాను.

మరి మన విజయనగరం గంటస్తంభం దగ్గరికి ఒక్క ఆర్టిస్టునీ పిలవరేం? 2022 ఏప్రిల్లో మన రాజాన్ని శ్రీకాకుళం నుంచి తీసి విజయనగరం జిల్లాలో కలిపేసేరు కాబట్టి, అది మన జిల్లా స్తంభమే ఇప్పుడు. ఎనిమిది పలకలు, 68 అడుగులు, లండన్ గడియారం నమూనా. 1885లో కట్టేరట. ఆ మరుసటేడే గురజాడ అప్పారావుగారు ఆ ఊళ్ళో చదివి బి.ఏ. పాసయ్యేరు. మనం చీపురుపల్లి మీదుగా బస్సులో వెళ్తాం, ఆ చుట్టూ చీరలు బేరమాడతాం, తలెత్తి చూస్తామా?

మేనల్లుడికి ఒకటే చెప్పేను. దరఖాస్తు ఎక్కడికైనా పెట్టుకో గానీ, గదిలో కూచుని కాయితాలు నింపకురా అన్నాను. బుడితి వెళ్ళి ఇత్తడి పనివాళ్ళ చేత గంట చేయించు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చెక్కేవాళ్ళ దగ్గర నాలుగు రోజులు కూచో. గంట కొట్టడానికి బయటికొచ్చేది ఏటికొప్పాక లక్కబొమ్మైతే ఎలా ఉంటుందో చూడు. నెల్లిమర్లలో మా పుట్టింట్లో జూట్ మిల్లు కూత విని పొయ్యి వెలిగించేవాళ్ళం. ఏ కూతకి ఎవరు ఏం చేసేవారో ముసలాళ్ళ నోట చెప్పించి రికార్డు చెయ్యి. వాడు రాసుకున్నాడు కూడాను.

మీ తమ్ముడు విజయనగరం మునిసిపల్ ఆఫీసులోనే కదా పని చేస్తున్నాడు, ఓ మాట అక్కడ చెవిన వెయ్యమందూ. ఖర్చంటాడేమో. మొత్తం స్తంభానికే ఆ రోజుల్లో 5,400 రూపాయలయిందట. ఇవాళ ఆ డబ్బుతో వచ్చిన కుర్రాడికి నెల్లాళ్ళు మెస్సు భోజనం పెట్టొచ్చు. గది సంగతి మాత్రం వాళ్ళే చూడాలి మరి.